నీళ్లలో వదిలిన మాట

కొండ ఎత్తెంత అని అడిగేవాళ్లు తక్కువ. పైన చింపాంజీలు కనబడతాయా అని అడిగేవాళ్లు కొంచెం ఎక్కువ. కానీ కొండ కింది ఊరు కొంకెకోరోలో కారు దిగి, వీపు మీది సంచీ కింద పడేసి, నీళ్ల సీసా మూత తిప్పుతూ వచ్చినవాళ్లు దారి చూపే లహాయ్‌ని అడిగే మొదటి ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఒకటే. యుద్ధంలో నువ్వెక్కడున్నావు?

లహాయ్ తొరొంకా తొమ్మిదేళ్లుగా ఈ ప్రశ్నకి జవాబు చెబుతున్నాడు. మొదట్లో నిజమే చెప్పేవాడు: అడవిలో దాక్కున్నాం, నాకప్పుడు పన్నెండేళ్లు, ఆకలేసేది. ఆ జవాబు ఎవరికీ ఆనేది కాదు. తుపాకీ పట్టావా అనేవాళ్లు. లేదంటే మొహాలు వాడిపోయేవి, ఇంత దూరం వస్తే జంతువు పొదలోంచి బయటికి రానట్టు. కొన్నాళ్లకి విసుగెత్తి, "నిద్రపోతున్నాను" అనడం మొదలుపెట్టాడు. అది హాస్యమో, గాయమో తేల్చుకోలేక వాళ్లు నోరు మూసుకునేవాళ్లు. లహాయ్‌కి కావలసిందీ అదే.

రాజధాని ఫ్రీటౌన్‌లోని యాత్రల కంపెనీ అచ్చేసిన రంగు కాగితం మీద బింటుమని కొండ బొమ్మ ఉంటుంది. బొమ్మ కింద "నిన్నటి యుద్ధభూమిలో నేటి సాహసం" అని ఉంటుంది. యుద్ధం ఆగి ఇరవయ్యేళ్లు దాటింది. ఆగిన తర్వాత పుట్టిన పిల్లలకి పిల్లలు పుడుతున్నారు. నిన్న ఎలా అవుతుందని లహాయ్ ఒకసారి కంపెనీ మేనేజరమ్మ ఒలివెట్ డెక్కర్‌ని అడిగాడు. యుద్ధం అన్న మాట తీసేస్తే ఇది మామూలు కొండ అయిపోతుంది లహాయ్, మామూలు కొండలు ప్రపంచంలో చాలా ఉన్నాయి అంది ఆవిడ.

మామూలు కొండే. లహాయ్‌కి దాని మీద వేరే మోజేమీ లేదు. వేటగాడైన తాత వెంట తిరిగి దారులు నేర్చుకున్నాడు. చింపాంజీల గూళ్లు లెక్కపెట్టడానికి వచ్చిన ఇద్దరు చదువుకున్నవాళ్లకి దారి చూపించాడు, వాళ్ల దగ్గర ఇంగ్లీషు కొంచెం పట్టుకున్నాడు, ఆ తర్వాత కంపెనీ వచ్చి మెడలో ఈల వేసింది. అప్పటి నుంచి వచ్చినవాళ్లని ఊరిపెద్ద యీరా ముందు కూర్చోబెట్టి మర్యాదకి కోలా కాయలు ఇప్పించడం, మూటలు పంచడం, ఎక్కించడం, దించడం. డిసెంబరులో ఎడారి దుమ్ము కమ్మేసి శిఖరం మీంచి బూడిద రంగు తప్ప ఏమీ కనబడదు. దానికి కూడా లహాయ్‌దే బాధ్యత అన్నట్టు చూస్తారు. మూడు రోజులు ఒళ్లు హూనం చేసుకుని ఎక్కింది ఈ మసక కోసమా అని ఒకామె ఏడ్చింది. దుమ్ము తుడవడానికి నా దగ్గర గుడ్డ లేదమ్మా అని పైకి అనలేదు.

కానీ ఆ పని అతనిది. ఊళ్లో అతని వయసువాళ్లంతా జనవరి వస్తే కత్తులు పట్టుకుని చేల కోసం పొదలు నరకడానికి పోతుంటే అతను మెడలో ఈలతో కొండ మీదికి పోయేవాడు. అది పోతుందేమో అన్న భయం అతనికెప్పుడూ ఉండేది. కొండకి అవతల ఇంకో ఊరుంది, అక్కడా ఇంగ్లీషు వచ్చినవాళ్లున్నారు.

మూటలు మోసేవాళ్లలో మొరోవా సిసే ఒకడు. లహాయ్ కంటే నాలుగేళ్లు పెద్ద. తల మీద చుట్టకుదురు పెట్టి మూట ఎత్తాడంటే ఏటవాలు రాతి మీద కూడా మెడ కదలదు. తొరొంకాలకీ సిసేలకీ మధ్య ఉన్నది సనకు వరస. మన బావామరదుల వేళాకోళం దాని ముందు దిగదుడుపే. ఇక్కడ తిట్టుకోవడం ముచ్చట కాదు, బాధ్యత. సనకు కనబడితే తిట్టి తీరాలి, తిట్టించుకున్నవాడు నవ్వి తీరాలి. కోపం తెచ్చుకున్నవాడి పరువు పోతుంది. ఇద్దరు కొట్టుకుంటుంటే వాళ్ల సనకు వచ్చి ఆపమంటే ఆపేయాలి, మారు మాట ఉండకూడదు.

ఈ తొమ్మిదేళ్లూ లహాయ్, మొరోవా ఈ బాధ్యతని ఎన్నడూ ఎగ్గొట్టలేదు. తెల్లారి మూటలు కట్టేటప్పుడే మొదలు. "ఏరా బానిసా, మీ నాన్న నిన్ను మాకు అమ్మినప్పుడు మెడ ఇంకొంచెం లావుగా ఉండేదే" అని లహాయ్ అంటాడు. "అలసందలు తిని కడుపుబ్బిన జాతిరా మీది, నా వెనక నడవకు, గాలి పాడవుతుంది" అని మొరోవా అంటాడు. తిట్టుకోకూడనిది ఇద్దరి మధ్యా ఒక్కటే ఉంది. దాన్ని ఇద్దరూ ముట్టుకోలేదు.

ఊరు తగలబడిన ఏడు, తిరుగుబాటువాళ్లు వచ్చిన రోజున, వాళ్లతో మొరోవా ఉన్నాడు. పదహారేళ్లవాడు. అంతకు ముందు సంవత్సరం వాళ్లే మూటలు మోయడానికి ఎత్తుకుపోయిన పిల్లాడు, మూట దించి తుపాకీ ఎత్తుకుని తన ఊరికే వచ్చాడు. ఆ రోజు వాళ్లు బియ్యం బస్తాలు ఎత్తించి పదకొండు మందిని కొండవైపు తోలుకుపోయారు. ఆరుగురు తిరిగొచ్చారు. రానివాళ్లలో లహాయ్ తండ్రి ఒకడు.

యుద్ధం ఆగాక మొరోవా వచ్చి ఊరి బయట ఎనిమిది రోజులు కూర్చున్నాడు. చివరికి యీరా ఊరందరినీ పిలిచాడు. ప్రతి ఇంటివాళ్లూ లేచి తమకేం పోయిందో చెప్పారు, అతను నిలబడి విన్నాడు. పెద్ద సొరకాయ బుర్రలో నీళ్లు తెచ్చి అందరూ ఒక్కో గుక్క తాగారు, అతనితో తాగించారు. మిగిలిన నీళ్లు కొండ మీంచి దిగే వాగులో వదిలారు. ఇక ఆ మాట లేదు. ఎవరైనా ఊరి ముందు దాన్ని మళ్లీ పైకి తీస్తే ఆ నీళ్లు తాగనట్టే లెక్క. మొరోవా మళ్లీ నిలబడాలి, ఇళ్లన్నీ మళ్లీ లేవాలి. ఈసారి గుక్క మింగేదెవరో, మొహాన ఉమ్మేదెవరో ఎవరూ చెప్పలేరు. అప్పుడు చిన్నపిల్లలుగా ఉన్నవాళ్లు ఇప్పుడు కండలు తిరిగి ఉన్నారు.

అందుకని ఊళ్లో వచ్చినవాళ్ల ప్రశ్నలన్నీ లహాయ్ నోటి మీదుగా పోతాయి, పోతూ పోతూ మారిపోతాయి. యీరా వరండాలో తెల్లవాళ్లు ముందుకి వంగి, గొంతు తగ్గించి, మీ గాయాల గురించి చెప్పండి అంటారు. పెద్దయ్యా, మీ వరి గురించి అడుగుతున్నారు అంటాడు లహాయ్. యీరాకి వరి గురించి చెప్పడమంటే ప్రాణం. మెట్ట వరి, పల్లపు వరి, ఎర్ర గింజ, పక్షులు, గడ్డి ఎలుకలు. అరగంట తర్వాత లహాయ్ ఇంగ్లీషులో, చాలా కష్టపడ్డారట, ఇప్పుడు నయమట అని ముగిస్తాడు. ఇంతసేపు చెప్పింది ఇంతేనా అని వాళ్లు అనుమానంగా చూస్తారు. మా భాష కొంచెం పొడుగు అంటాడు. యీరాకి మాత్రం ఈ తెల్లవాళ్ల మీద జాలి. పాపం వీళ్ల దేశంలో వరి సరిగా పండటం లేదేమోరా అని ఒకసారి గుప్పెడు విత్తనం మూట కట్టి ఇచ్చాడు. తీసుకున్నావిడ దాన్ని గుండెకి హత్తుకుంది. ఎందుకో ఆవిడకే తెలియాలి.

ఈ ఏర్పాటు తొమ్మిదేళ్లు నడిచింది. హెండ్రిక్ వచ్చి చెడగొట్టాడు.

ఆ డిసెంబరులో వచ్చిన ఏడుగురు తెల్లవాళ్లలో హెండ్రిక్ ఒకడు. ఫ్రీటౌన్‌లో ఆరు నెలలుండి క్రియో నేర్చుకున్నాడు. రాజధాని వాళ్ల భాష. సంతల్లో, లారీల్లో, పటాలాల్లో అందరూ మాట్లాడుకునేది. కొంకెకోరోలో అది ధారాళంగా వచ్చింది ముగ్గురికి. లహాయ్‌కి, బడిపంతులికి, మొరోవాకి. మొరోవాకి ఎక్కడ పట్టుబడిందో ఎవరూ అడగరు.

మంచివాడే హెండ్రిక్, అదే తలనొప్పి. మూట మోసేవాళ్లతో కలిసి తింటాడు, పేర్లు గుర్తుపెట్టుకుంటాడు. మనుషులు మనసులో ఉన్నది చెప్పుకుంటే తేలికపడతారని గట్టిగా నమ్ముతాడు. ఎవరు తేలికపడతారో, ఆ బరువు ఎవరి నెత్తికెక్కుతుందో ఆలోచించడు. రెండో రోజు మధ్యాహ్నం, శిఖరం కింద వాగు దగ్గర అన్నాలకి ఆగినప్పుడు లహాయ్ ఒకామె చెప్పుల పట్టీ కుడుతున్నాడు. హెండ్రిక్ మొరోవా పక్కన చేరి, క్రియోలో, మెత్తగా, యుద్ధంలో నువ్వు ఎటువైపు ఉన్నావు అన్నాడు.

ఆ ప్రశ్న మధ్యలో లహాయ్ నోరు లేకుండా మొరోవా చెవిన పడటం అదే మొదటిసారి. అతను తింటున్న కసావా ఆకు కూర గిన్నె పక్కన పెట్టాడు. హెండ్రిక్‌ని చూడలేదు. లహాయ్‌ని చూశాడు.

"నేను వాళ్లతో ఉన్నాను. మా ఊరి మనుషుల్ని బస్తాలతో ఈ దారినే తోలుకొచ్చాం. ఈ వాగు దాటేటప్పుడు ఒకాయన…"

"నోర్ముయ్‌రా బానిసా" అన్నాడు లహాయ్. సూది వేలికి దిగింది. "మా ఇంటి పెంటమీద పెరిగినవాడివి, నా ముందు కథలు చెబుతావా? లే. మూట ఎత్తు."

సనకు ఆపమంటే ఆగాలి. మొరోవా నోరు తెరిచే ఉంది. నెమ్మదిగా మూసుకున్నాడు. నవ్వాలి కాబట్టి నవ్వాడు. చుట్టకుదురు సర్దుకుని మూట ఎత్తుకున్నాడు.

లహాయ్ చేసిన తప్పు అతనికి పది అడుగులు వేశాక గాని తట్టలేదు. మొరోవా క్రియోలో మొదలుపెట్టాడు కదా, ఆ కంగారులో తనూ క్రియోలోనే తిట్టాడు. బానిస అన్న మాట క్రియోలోనూ ఇంగ్లీషులోనూ దాదాపు ఒకటే. ఏడుగురు తెల్లవాళ్లూ తినడం మానేసి తన వీపు వైపు చూస్తున్నారు.

కొండ దిగిన తర్వాత హెండ్రిక్ అతనితో చెయ్యి కలపలేదు.

జనవరి మొదటి వారంలో ఒలివెట్ డెక్కర్ వచ్చింది. దారి పొడుగునా తిన్న దుమ్ముని దగ్గుతూ, చేతిలో కాగితాలు బిగించిన అట్టతో. హెండ్రిక్ కంపెనీకి నాలుగు పేజీల ఫిర్యాదు రాశాడు. దారి చూపేవాడు మూట మోసేవాణ్ణి అందరి ముందూ బానిస అంటాడు, యుద్ధ బాధితుడు గుండె విప్పి చెప్పబోతే ఆ మాటతోనే నోరు నొక్కేశాడు అని. ఈ మాట బయట పొక్కితే చాలు, ఆ సంవత్సరం కంపెనీకి ఒక్కడూ రాడు. అవతలి ఊరివాళ్లతో మాట్లాడటం కూడా అయిందని ఆవిడ లహాయ్‌తో కారు దిగుతూనే చెప్పింది. నీ మీద నాకేం కోపం లేదు, అలాంటిదేం లేదని మొరోవా చెబితే ఈ కాగితం చించేస్తాను అంది. లహాయ్‌కి ప్రాణం లేచొచ్చింది. అంతే కదా అనుకున్నాడు.

యీరా వరండాలో ఏం జరిగినా ఊరు వస్తుంది. వచ్చింది. లహాయ్ తల్లి చాట నిండా వేరుశనగలు పెట్టుకుని ఆడవాళ్ల మధ్య ఒలుస్తూ కూర్చుంది. ఒలివెట్ క్రియోలో అడుగుతుంటే పంతులు ఊరి భాషలో చెబుతున్నాడు, జవాబుల్ని ఆవిడకి క్రియోలోకి మారుస్తున్నాడు.

"మొరోవా సిసే. భయపడకు. ఇతను నిన్ను బానిస అంటాడా?"

నలుగురిలో, అంత గంభీరంగా, నీ సనకు ఎలాంటివాడు అని అడిగితే సిసే వంశంలో పుట్టినవాడు ఏం చెప్పాలి? మంచివాడు అంటే తాతల పేరు చెడుతుంది. మొరోవా గొంతు సవరించుకున్నాడు.

"అనకేం చేస్తాడు తల్లీ. వీళ్ల తాతని మా తాత రెండు దోసిళ్ల అలసందలకి కొన్నాడు. ఆ కుళ్లు."

ఊరు గొల్లుమంది. ఒలివెట్ రాసుకుంది.

"కొడతాడా?"

"రోజూ. కొండ మీద నన్ను చెట్టుకి కట్టేసి నా అన్నం కూడా తింటాడు."

యీరా పెద్ద భార్య నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటోంది. లహాయ్ పళ్లు బిగబట్టాడు. ఇది సరదా కాదురా, ఆవిడ చేతిలో కలం చూడు అని చెప్పాలి. చెప్పాల్సిందీ అదే. కానీ ఊరంతా అతని వైపు తిరిగింది, సనకు తిట్టాక ఊరుకున్నవాణ్ణి ఎవరూ మనిషిగా లెక్కపెట్టరు, నోరు దానంతటదే కదిలింది.

"కట్టేసేది వాడు పారిపోతాడని కాదమ్మా. ఆ చెట్టు ఒంటరిగా ఉందని."

పంతులు నవ్వాపుకోలేక మాట మార్చకుండానే అలాగే చెప్పేశాడు. ఒలివెట్ అది కూడా రాసుకుని, కలం మూసింది. మీ అందరికీ ఇది నవ్వులాటగా ఉందా అని అడిగింది. యీరా సనకు వరస గురించి ఓపిగ్గా చెప్పాడు. ఆవిడ ఓపిగ్గా వింది. మీ ఆచారం మీద నాకు గౌరవం ఉంది, కానీ ఈ కాగితంలో ఆచారానికి గడి లేదు, అవును, కాదు అని రెండే ఉన్నాయి, ఇతను అవునన్నాడు అంది. లహాయ్‌కి ఆవిడ మీద, పంతులు మీద, మొరోవా మీద, తన నోటి మీద ఒకేసారి ఒళ్లు మండింది.

ఒలివెట్ కాగితం తిప్పింది. "ఒక్కటే మిగిలింది. ఆ రోజు వాగు దగ్గర నువ్వు ఏదో చెప్పబోయావు. ఇతను ఆపాడు. ఏం చెప్పబోయావు, ఎందుకు ఆపాడు? ఆపడానికి మంచి కారణమే ఉంటే ఇతని పని ఇతనికి ఉంటుంది. నిజం చెప్పు."

పంతులు ఈసారి నవ్వలేదు. మాటలు ఒక్కొక్కటే ఊరి భాషలో పెట్టాడు. నవ్వులు ఆగిపోయాయి. లహాయ్ తల్లి వేరుశనగ కాయని వేళ్ల మధ్య పట్టుకుని ఒలవడం మరిచిపోయింది.

మొరోవా లేచి నిలబడ్డాడు. ఎనిమిది రోజులు ఊరి బయట కూర్చుని లేచినప్పుడు కూడా ఇలాగే నిలబడి ఉంటాడు. లహాయ్ వైపు చూసి, సంత రోజున అప్పు తీర్చేవాడిలా తల ఊపాడు. "చెబుతాను" అన్నాడు. "వీడి తప్పు లేదు. ఆ రోజు నేను…"

లహాయ్‌కి ఆ మాట చివర ఏముందో తెలుసు. వాగు దాటేటప్పుడు ఒకాయన. ఆ ఒకాయన ఎవరో తెలుసు. ఎక్కడ పడ్డాడో, ఎవరు పడేశారో మాత్రం తెలియదు. ఈ తొమ్మిదేళ్లలో ఆ వాగు అరవైసార్లు దాటి ఉంటాడు, దాటిన ప్రతిసారీ ముందు నడిచేవాడు, మొరోవా మొహం కనబడకుండా.

"చెప్పేదేముంది మేడమ్" అన్నాడు లహాయ్ క్రియోలో, మొరోవా కంటే గట్టిగా. "మూట ఎత్తమన్నాను. ఎత్తలేదు. తిట్టాను. ఎండగా ఉంది, ఆలస్యమవుతోంది, వీడు కబుర్లు పెట్టుకున్నాడు. రేపు ఎత్తకపోయినా అదే తిడతాను. రాసుకోండి."

"అతన్ని చెప్పనీ."

"వాడికి చెప్పడానికేం లేదు. బద్ధకం. రాసుకోండి, నేను సంతకం పెడతాను."

పెట్టాడు. ఒలివెట్ మొహంలో నిజంగానే బాధ కనిపించింది, ఎంతైనా అంతకు ముందు తొమ్మిదేళ్లూ అతని గురించి ఒక్క ఫిర్యాదు లేదు. మెడలో ఈల తీసి ఇచ్చేశాడు.

జనం కదిలాక యీరా అతని భుజం మీద చెయ్యి వేసి, నీలాంటి కొడుకుని కన్న కడుపు చల్లన అన్నాడు. దారిలో ఇద్దరు ముసలివాళ్లు కూడా అలాంటివే ఏవో అన్నారు. అది విన్నకొద్దీ లహాయ్‌కి ఒలివెట్ కాగితమే నయమనిపించింది. ఆవిడ పని తీసుకుంది గాని, పొగిడి తీసుకోలేదు. వీళ్లకి చల్లగా ఉంది సరే, ఇంటికెళ్లి ఏం చెయ్యాలో వీళ్లలో ఒక్కడూ చెప్పడం లేదు.

అసలు దెబ్బ సాయంత్రం తగిలింది. అవతలి ఊరికి మారే ఖర్చెందుకని ఒలివెట్ ఆలోచించింది. అణగదొక్కబడినవాణ్ణే పైకి తెస్తే కంపెనీకి మంచి పేరు. క్రియో వచ్చు, దారి తెలుసు. ఈల మొరోవా మెడలో పడింది. రంగు కాగితం మీద కూడా అతని బొమ్మే వస్తుందట.

మొరోవా వచ్చి లహాయ్ ఇంటి ముందు నిలబడ్డాడు. ఈల చొక్కా లోపలికి తోసేసుకున్నాడు, కనబడకుండా.

"ఒద్దన్నాను. వినలేదు" అన్నాడు.

"ఒద్దనడం కూడా చేతకాదు నీకు. సరే విను. మందుల పెట్టెలో కట్టుగుడ్డలు అయిపోయాయి. నీళ్లు కాచి ఇవ్వాలి, కాచామని చెబితే నమ్మరు, వాళ్ల ముందే కాయాలి. మూడో మలుపులో ఏనుగుగడ్డి పెరిగింది, ముందు మనిషిని పంపి కొట్టించు. పైన మసకగా ఉంటుందని కింద ఉన్నప్పుడే చెప్పు. చెప్పినా ఏడుస్తారు."

మొరోవా తల ఊపుతున్నాడు గాని వినడం లేదు. లహాయ్‌కి చిరాకేసి ఆపేశాడు.

"మనిద్దరమే ఉన్నాం కదా" అన్నాడు మొరోవా. తిట్టు లేకుండా అతను లహాయ్‌తో ఇంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి. "ఊరి ముందు కాదు. నీకొక్కడికే. వాగు దగ్గర…"

"వినను."

"ఎక్కడో తెలిస్తే ఒక రాయైనా పెట్టుకుంటావు."

"పెడితే అమ్మ అడుగుతుంది. అమ్మకి చెబితే మిగతా నాలుగిళ్లవాళ్లూ మావాళ్లెక్కడ అంటారు. నువ్వు వెళ్లి మళ్లీ ఆ వరండా ముందు నిలబడతావు. నిన్ను నిలబెట్టడానికా నేను సంతకం పెట్టింది?"

"నేను మొయ్యలేకపోతున్నానురా."

"అయితే మొయ్యకు, కింద పెట్టు. నా నెత్తిన మాత్రం పెట్టకు. నాకు రేపట్నుంచి చేను ఉంది."

మొరోవా ఇంకా ఏదో అంటాడేమోనని లహాయ్ లోపలికి వెళ్లిపోయాడు. దూలానికి దోపిన కత్తి తీశాడు. పిడి వదులైంది, అంచు మొత్తం తుప్పు. దానితో పొదలు కాదు కదా, అరటిపండు కూడా తెగదు. అరిచేతులు చూసుకున్నాడు, పంతులు చేతుల్లా మెత్తగా ఉన్నాయి. వారంలో బొబ్బలెక్కిపోతాయి.

తల్లి గుమ్మంలో వేరుశనగ పొట్టు చెరుగుతోంది. మధ్యాహ్నం వరండాలో పంతులు చెప్పిందంతా ఆవిడ విన్నది. మొరోవా వచ్చి వెళ్లడం కూడా చూసింది.

"వాగు పక్క చేను కొడదామా, గుట్ట మీదిదా?" అంది.

"గుట్ట మీదిది."

"అది తొమ్మిదేళ్లుగా కొట్టలేదు. తుప్పలు నిలువెత్తున్నాయి. వాగు పక్కది తేలిక."

"గుట్ట మీదిదే."

ఆవిడ చాట పక్కన పెట్టి, లోపలికి వెళ్లి, సానరాయి వెతికి తెచ్చి అతని ముందు పెట్టింది. ఎందుకని అడగలేదు. అడగకపోవడంలో ఆవిడ ఊరందరి కంటే ఆరితేరింది. లహాయ్ రాయి మీద నీళ్లు చల్లుకుని, కత్తి నూరడం మొదలుపెట్టాడు.